నాన్న దెబ్బకు సెక్షన్ ఉంది, నా దెబ్బకు లేదు

2024 నవంబర్. కార్తీకమాసం కావడంతో అమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేచి తులసికోట దగ్గర దీపం పెట్టుకునేది. ఆ రాత్రి కూడా అందరికంటే ముందే పడుకుంది. నాన్న ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. నేను, నా భార్య, పాప మేడ మీద. మాది గుంటూరు వైపు ఒక పట్నం శివారు కాలనీ. ఇంటి వెనక ఇంకా ఖాళీ స్థలాలు, తుమ్మచెట్లే.

రెండుంపావు ప్రాంతంలో వంటింటి కిటికీ గ్రిల్ మరలు విప్పి ఇద్దరు లోపలికి దిగారు. అమ్మ రాత్రిపూట మెడలోని గొలుసు తీసి దేవుడి గూట్లో పెడుతుంది. ఒకడు అది తీసుకున్నాడు. రెండోవాడు బీరువా హ్యాండిల్ తిప్పుతుంటే ఆ కిర్రుమనే చప్పుడుకి నాన్న లేచాడు.

నాన్నకి 72 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా మిరప పండించాడు. కళ్లంలో కాయ ఆరబోసిన రోజుల్లో రాత్రంతా కాపలా పడుకునేవాడు, పక్కన కర్ర పెట్టుకుని. పొలం కౌలుకిచ్చి పట్నం వచ్చినా ఆ కర్ర మాత్రం మంచం పక్కన అలాగే ఉండేది. దాన్ని తీసుకుని, లైటు వేసి, "ఎవర్రా అది" అని గట్టిగా అరిచాడు. గొలుసు తీసినవాడు వచ్చిన కిటికీలోంచే దూకి పోయాడు. రెండోవాడు బీరువా దగ్గర ఇరుక్కుపోయాడు. గ్రిల్ విప్పడానికి తెచ్చుకున్న ఇనుప రాడ్ పైకెత్తి నాన్న మీదికి వచ్చాడు. నాన్న ఒకే ఒక్క దెబ్బ వేశాడు, మోకాలి కింద. వాడు వంటింటి గుమ్మంలో కూలిపోయాడు. కింద పడ్డ రాడ్‌ను నాన్న కాలితో గ్రైండర్ కిందికి తోసి, కర్ర దించి, "కదలకు, అక్కడే ఉండు" అన్నాడు. అంతే. ఇంకో దెబ్బ వేయలేదు.

నేను మెట్లు దిగి వచ్చేసరికి జరిగింది ఇది. ఇక్కడి వరకు మా ఇంట్లో ఎవరి తప్పూ లేదు. తర్వాత పావుగంటలో జరిగినదాని గురించే ఇదంతా రాస్తున్నాను.

అరుపులకి చుట్టుపక్కలవాళ్లు వచ్చేశారు. అంతకు ముందు రెండు నెలల్లో మా వరసలో ఇంకో ఇంట్లో దొంగతనం జరిగి ఉంది, అందరికీ కడుపుమంటగా ఉంది. నలుగురు కలిసి వాణ్ణి వీధిలోకి ఈడ్చుకుపోయి బట్టలారేసే తాడుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. తలా ఒక దెబ్బ వేశారు. నేనూ వేశాను. రెండు చెంపదెబ్బలు, తర్వాత ఒక తన్ను. ఆ తన్ను నాన్న కొట్టిన కాలి మీదే తగిలింది. వాడు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. నాన్న గుమ్మంలోంచి "ఆపండ్రా, ఇంక చాలు" అని అరుస్తూనే ఉన్నాడు. అమ్మ వచ్చి వాడికీ మాకూ మధ్య నిలబడితేగానీ మేము ఆగలేదు. వాడికి చెంబుతో నీళ్లు పట్టింది. ఫోన్ తీసుకుని 108కి చేసింది కూడా ఆవిడే. నా భార్య అప్పటికే 112కి చేసింది. పోలీసులు, అంబులెన్స్ దాదాపు ఒకేసారి వచ్చారు. మూడున్నర కావస్తోంది.

తెల్లవారి ఐదింటికి స్టేషన్‌లో ఫిర్యాదు రాస్తున్నాను. అక్కడున్న ఒకాయన మంచిగానే, మా మేలు కోరే చెప్పాడు: "గోడ దూకుతూ పడ్డాడని రాయండి సార్. కాలు అలా విరిగిందంటే మీకు గొడవ ఉండదు." నా పెన్ను ఆగింది. నిజం చెప్పాలంటే అలాగే రాసేద్దామనిపించింది. పక్కనే బెంచీ మీద కూర్చున్న నాన్న విన్నాడు. "ఎవడు దూకాడు, ఎక్కడ దూకాడు? నేను కొట్టాను. రాడ్ ఎత్తాడు కాబట్టి కొట్టాను. ఉన్నది ఉన్నట్టు రాయరా" అన్నాడు. అలాగే రాశాను. టైము, లైటు వేసింది, వాడి చేతిలో రాడ్, నాన్న వేసిన ఒక దెబ్బ, రాడ్ గ్రైండర్ కింద ఉన్న సంగతి, అన్నీ రాశాను. వీధిలో జరిగింది మాత్రం "కాలనీవాసులు పట్టుకుని మీకు అప్పగించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. నా తన్ను రాయలేదు.

ఎఫ్‌ఐఆర్ అయింది. భారతీయ న్యాయ సంహిత 331(4), అంటే రాత్రిపూట కన్నం వేయడం. దొంగతనం కోసమైతే 14 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. దానికి తోడు 305, నివాసం ఉండే ఇంట్లో దొంగతనం. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదికి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. అడిగి తీసుకున్నాను. క్లూస్ టీమ్ వచ్చి కిటికీ దగ్గర వేలిముద్రలు తీసుకుంది. పంచనామా రాసి రాడ్‌తోపాటు నాన్న కర్రను కూడా సీజ్ చేసి పట్టుకెళ్లారు. ఇంక అయిపోయిందనుకున్నాం.

నాలుగో రోజు తెలిసింది, మా మీద కౌంటర్ కేసు. ప్రభుత్వాసుపత్రిలో చేరిన దెబ్బలు కాబట్టి అది మెడికో లీగల్ కేసు, అంటే ఆసుపత్రి పోలీసులకు తెలపాల్సిన కేసు అయింది. డాక్టర్ మోకాలి కింద ఎముక విరిగిందని రాశాడు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్రమైన గాయం కింద లెక్కేస్తుంది. వాడి తల్లి ఫిర్యాదు ఇచ్చింది. నాన్న మీద, నా మీద, పక్కింటి ఇద్దరి మీద సెక్షన్ 117(2). ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న సెక్షన్. అరెస్టు చేయలేదు, విచారణకు రమ్మని నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) 35(3) కింద నోటీసులు ఇచ్చారు. నాన్న పేరు మీద వచ్చిన నోటీసు నా చేతుల్లోంచి తీసుకుని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఈ సంగతి తెలిస్తే ఏమంటారోనని నాకు వేరే టెన్షన్.

స్నేహితుడొకడు చెబితే ఒక లాయర్‌ని కలిశాం. ముప్పై దాటిన ఆవిడ. నాన్న ఆవిణ్ణి మొదటి రోజు నుంచీ "లాయరమ్మా" అనే పిలిచాడు, ఆవిడ నాన్నని "బాబాయ్ గారూ" అంది. నాన్న మొదట అడిగింది ఇదీ: "దొంగ రాత్రిపూట ఇంట్లోకొస్తే చంపినా తప్పు లేదంట కదమ్మా, కొత్త చట్టమంట. మా కాలనీ వాట్సాప్‌లో వచ్చింది. నేను చంపలేదే, కాలి మీద కొట్టాను. నాకెందుకు నోటీసు?"

ఆవిడ పుస్తకం తెరిచి నాన్న ముందు పెట్టి చెప్పింది. అందులో కొత్త ఏమీ లేదట. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లే 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 34 నుంచి 44 అయ్యాయి. మన శరీరాన్నీ ఇతరుల శరీరాన్నీ, మన ఆస్తినీ ఇతరుల ఆస్తినీ కాపాడుకునే హక్కు అది. 41వ సెక్షన్‌లో ఆస్తి కోసం ఎదుటివాడి ప్రాణం పోయేదాకా కూడా వెళ్లగలిగే సందర్భాలు రాసి ఉన్నాయి: దోపిడీ, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇంటికి కన్నం వేయడం, మనుషులుండే ఇంటికో సామాన్లు దాచుకునే కట్టడానికో నిప్పు పెట్టడం, చావో తీవ్రమైన గాయమో తప్పదని భయపడే పరిస్థితుల్లో జరిగే దొంగతనం లాంటివి. తలుపు కాకుండా గ్రిల్ విప్పి కిటికీలోంచి రావడం కన్నం వేయడం కిందికే వస్తుంది. "కాబట్టి వాట్సాప్‌లో వచ్చింది పూర్తి అబద్ధం కాదు బాబాయ్ గారూ. కానీ దీని ముందు 37 ఉంది. అది ఎవరూ ఫార్వర్డ్ చేయరు" అంది.

ఈ 37ని ఇంటింటికీ చెప్పాలనిపిస్తుంది నాకు. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదు. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కే లేదు. 41 ఎంత పెద్ద అధికారం ఇచ్చినా ఈ రెండు షరతులకూ లోబడే ఇస్తుంది. తర్వాత 43. ఆ హక్కు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అందులో ఉంది. రాత్రి కన్నం వేసి వచ్చినవాడి విషయంలో, వాడు ఇంట్లో ఉన్నంతసేపే. దొంగతనమైతే, సొత్తుతో వాడు తప్పించుకుపోయేదాకా, లేదా సొత్తు మన చేతికి వచ్చేదాకా, లేదా పోలీసులు అందేదాకా. అంటే గొలుసు పట్టుకుని పారిపోతున్నవాడి వెంటపడి లాక్కోవచ్చు. స్తంభానికి కట్టేసినవాణ్ణి మాత్రం ముట్టుకోవడానికి వీల్లేదు. వాడి దగ్గర మన సొత్తు లేదు, చేతిలో రాడ్ లేదు, వాడు మన ఇంట్లో లేడు.

నాన్న ఆ పేజీని వేలితో మెల్లగా తడిమాడు. "మరి నేను కొట్టింది?"

"మీరు కొట్టింది ఇంట్లో. రాత్రి. వాడు రాడ్ ఎత్తాక. ఒక్క దెబ్బ. పడ్డాక ఆపేశారు. ఇంతకంటే కచ్చితంగా ఆ హక్కును వాడుకున్న మనిషిని నేను చూడలేదు" అంది ఆవిడ. భయపడి వెనక్కి పరిగెత్తాల్సిన పని కూడా లేదని చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు మీద సూత్రాలన్నీ ఒకచోట చేర్చిందట. అది పొలం తగాదాలో పోయిన ప్రాణం గురించిన కేసు. దాడికి గురవుతున్న మనిషి మెట్టు మెట్టుకూ లెక్కగట్టి దెబ్బ వేయాలని ఆశించకూడదని అందులో ఉంది. ప్రమాదం నిజంగా జరిగేదాకా ఆగనక్కర్లేదు, జరుగుతుందని భయపడటానికి తగిన కారణం ఉంటే చాలు. అయితే ఆత్మరక్షణ అని రుజువు చేసుకోవాల్సిన బరువు మన మీదే, సాక్ష్య అధినియం, అంటే సాక్ష్యాల చట్టం, 108వ సెక్షన్ ప్రకారం. కానీ ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. అలా జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ అని కోర్టుకు అనిపిస్తే చాలు.

అప్పుడు ఫిర్యాదు కాపీ తీసి చదివింది. "కొట్టానని మొదటి కాగితంలోనే రాయించారు చూశారా, ఇది మిమ్మల్ని కాపాడుతుంది. గోడ దూకి పడ్డాడని రాసి ఉంటే ఇవాళ ఆత్మరక్షణ అని ఏ నోటితో చెబుతాం?" అంది. నాన్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను, ఎందుకంటే ఆవిడ తర్వాతి ప్రశ్న నాకే అని తెలిసిపోయింది.

"మరి వీధిలో మీరేం చేశారు?"

చెప్పాను. చెంపదెబ్బలు చెప్పాను. తన్ను చెప్పాను. ఏ కాలో చెప్పాను. నాన్నకి కూడా అది అప్పటిదాకా తెలియదు. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే ఇప్పుడు అసలు చిక్కు ఇదే. ఆ ఎముక మీ నాన్నగారి దెబ్బకు విరిగిందా, మీ తన్నుకు విరిగిందా?" అంది.

ఆ మాటతో నాకు ఒళ్లు చల్లబడింది. నా తన్నుకే విరిగి ఉంటే నాకు ఏ రక్షణా లేదు. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఎవరి దెబ్బకో తేలకపోతే నాన్న ఒక్క దెబ్బ, మా వీధిలో పడ్డ పది దెబ్బలు అన్నీ ఒకటే మూకదాడిలా కనిపిస్తాయి. నాన్న ఇంట్లో ఎంత ఒద్దికగా ఆగాడో అదంతా నా వల్ల చెడిపోతుంది. ఇంటికొచ్చే దారిలో ఆటోలో నాన్న ఒక్క మాటే అన్నాడు: "కట్టేసినవాణ్ణి కొట్టకూడదని నీకు చిన్నప్పుడు నేను చెప్పలేదట్రా?" అంతకంటే ఎక్కువ తిట్టినా నేను భరించేవాణ్ణి.

కట్టేయడం వరకు మాకు అధికారం ఉందని కూడా అప్పుడే తెలిసింది. నాగరిక్ సురక్షా సంహిత 40 ప్రకారం, పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగల, బెయిల్ హక్కుగా దొరకని నేరం మన కళ్లముందు జరిగితే మామూలు మనిషి కూడా ఆ నేరస్తుణ్ణి పట్టుకోవచ్చు. ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. పట్టుకోవచ్చు, పారిపోకుండా చూసుకోవచ్చు. కొట్టడం అందులో లేదు.

విచారణకు వెళ్లినప్పుడు లాయరమ్మ సలహా మీద నా వాంగ్మూలంలో అంతా చెప్పేశాను. ఎందుకు ముందే రాయలేదని అడిగితే సిగ్గుపడి రాయలేదన్నాను. అదే నిజం. మమ్మల్ని ఒడ్డున పడేసినవి రెండు. ఒకటి ఎదురింటివాళ్ల సీసీ కెమెరా. గుమ్మంలోంచి ఈడ్చుకొస్తున్నప్పుడే వాడి కాలు పక్కకు వాలిపోయి ఉండటం, వాడు దాని మీద బరువు వేయలేకపోవడం అందులో కనిపించింది. అంటే మేం వీధిలో చేయి చేసుకోకముందే ఎముక విరిగి ఉంది. రెండోది వాడి నోటి మాటే. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు డాక్టర్ అడిగితే "లోపల ముసలాయన కర్రతో కాలి మీద కొట్టాడు" అని చెప్పాడు, అది కాగితం మీద ఉంది. ఎదురింటివాళ్ల దగ్గర ఫుటేజ్ వారం దాటితే చెరిగిపోయేది. ఐదో రోజునే లాయరమ్మ తొందరపెట్టి పోలీసులకు రాతపూర్వకంగా అర్జీ ఇప్పించి దాన్ని తీయించింది. అమ్మ నీళ్లు పట్టడం, 108కి ఫోన్ చేయడం కూడా రికార్డులోకి ఎక్కాయి. ఆ ఫోన్ కాల్ మా ఇంటి పరువు నిలబెట్టిందని నేను నమ్ముతాను.

ఇదంతా తేలడానికి ఐదు నెలలు పట్టింది. మధ్యలో ఎన్నిసార్లు స్టేషన్‌కి తిరిగామో, ఎన్ని ఆదివారాలు నిద్రపట్టక మేడ మీద తిరిగానో రాయను. చివరికి నాన్న మీద చర్య అవసరం లేదని, ఆయన చేసింది 34, 41 సెక్షన్ల కిందికి వస్తుందని రిపోర్టు వేశారు. నా మీద, పక్కింటి ఇద్దరి మీద 117(2) తీసేసి 115(2) ఉంచారు. మామూలు గాయం చేయడం. ఏడాది వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే రాజీ చేసుకోదగ్గ సెక్షన్ అది.

2025 సెప్టెంబర్‌లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అతను బెయిల్ మీద ఉన్నాడు, చేతికర్ర సాయంతో వచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయి, నా దగ్గర చదివే పిల్లలకంటే నాలుగైదేళ్లు పెద్ద. నేను దగ్గరికి వెళ్లి "ఇంట్లో జరిగినదానికి కాదు, వీధిలో కొట్టినదానికి క్షమించు" అన్నాను. అతను నా మొహం వైపు చూడలేదు. "పెద్దాయన రాలేదా సార్?" అని మాత్రం అడిగాడు. సంతకం పెట్టి తల్లితో వెళ్లిపోయాడు. అతని మీద మేం పెట్టిన కేసు నడుస్తూనే ఉంది. దాంట్లో నేను సాక్షిని, పిలిచినప్పుడు వెళ్లి చూసింది చూసినట్టు చెబుతాను. రాజీకీ దానికీ సంబంధం లేదు.

గొలుసు తీసుకుపోయినవాడు ఆ సంక్రాంతికి ముందే దొరికాడు. తాకట్టు కొట్లోంచి గొలుసు రికవరీ చేశారు. కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు, కోర్టులో పిటిషన్ వేసి, బిల్లు చూపించి, అడిగినప్పుడు తెచ్చి చూపిస్తామని బాండ్ రాసి తెచ్చుకోవచ్చు. బిల్లు 1998 నాటిది. అమ్మ దాన్ని పెళ్లి ఫొటోల ఆల్బమ్‌లో దాచి ఉంచింది కాబట్టి పని సులువైంది.

ఈ గొడవంతా చూశాక కూడా మా వీధిలో ఒకాయన ప్రహరీ గోడ మీద రాత్రిపూట కరెంటు తీగ పెట్టిస్తానన్నాడు. అప్పుడు నాన్నకి కోపం రావడం చూశాను. పల్లెల్లో అడవి పందుల కోసం చేలకు పెట్టిన కరెంటు తీగలకు మనుషులు పోయిన సంగతి ఆయనకు బాగా తెలుసు. నేను లాయరమ్మని అడిగితే బీహార్ కేసొకటి చెప్పింది. చెరూబిన్ గ్రెగొరీ అనే ఆయన తన మరుగుదొడ్డిలోకి బయటివాళ్లు రాకుండా కరెంటు తీగ కట్టాడు. సొంత దొడ్డి గోడ కూలిపోయి అటు వచ్చిన పొరుగింటి ఆడమనిషి దానికి తగిలి చనిపోయింది. నా స్థలం, నా రక్షణ అన్నాడాయన. 1963లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, శిక్ష ఖాయం చేసింది. మనం పెట్టిన తీగకు దొంగెవరో, బంతి కోసం గోడెక్కిన పిల్లాడెవరో తెలియదు. తీగ ఆలోచించి ఆగదు. ఆ కేసు సంగతి ఆయనకి చెప్పాను, ఆయన కరెంటు తీగ మానేసి కదలికకు వెలిగే లైట్లు పెట్టించుకున్నాడు. మేం కిటికీ గ్రిల్‌కు మరలు తీసేసి వెల్డింగ్ చేయించాం. ఇంటికి తాళం వేసి ఊరెళ్లేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు) చెప్పి వెళ్తున్నాం, వాళ్లు కెమెరా పెట్టి చూస్తారు.

నాన్న మంచం పక్క ఇప్పుడు కర్ర లేదు. అది కోర్టు ఆస్తి గదిలో, చీటీ అంటించి ఉంది. వాయిదా ఉందని తెలిసినప్పుడల్లా నన్ను గేటు దాకా సాగనంపుతూ అడుగుతాడు: "కేసైపోయాక ఆ కర్ర తిరిగిస్తారేమో లాయరమ్మని కనుక్కోరా."